డేల్ సూత్రము - దాని వ్యాఖ్యానములు



సూత్రమనునది అక్షరములలో కొంచెముగను, అర్థములో సందేహమునకు తావీయనిదిగను ఉండవలెనని మన పూర్వులు లక్షణము చెప్పిరి. అక్షరములు తగ్గించుట అంత కష్టము గాదు. సందేహము తగ్గించుటయే కష్టము. అందుచేతనే సూత్రమునకు వృత్తి, వృత్తికి భాష్యము, భాష్యమునకు టీక పుట్టినవి. ఈ పరంపరలో ఒక్కొక్కప్పుడు సూత్రకారుడు పలుకని మాట వ్యాఖ్యాతల చేతిలో సూత్రములోనికి ప్రవేశించును. అట్టి మాటలలో మిక్కిలి చిన్నదియు మిక్కిలి బలమైనదియు ఏవకారము. ‘రాముడు వచ్చెను’ అనుటకును ‘రాముడే వచ్చెను’ అనుటకును గల భేదము బాలురకు సయితము తెలియును. మొదటి వాక్యము రాముని రాకను మాత్రము చెప్పును. రెండవది తక్కినవారి నందఱను వాకిట నిలిపివేయును.

ఇట్టి ఏవకార మొకటి ఇరువదవ శతాబ్దమున శరీరశాస్త్రములో ప్రవేశించి, సుమారు పాతిక సంవత్సరములు పరిశోధకుల చూపునకు అడ్డు నిలిచిన చరిత్రను ఈ పూట మీకు మనవి చేయుదును. ఆ సూత్రమునకు డేల్ సూత్రమని పేరు. మన శరీరములోని నాడీకణములు ఒకదానితో నొకటి ఎట్లు సంభాషించుకొనును అను ప్రశ్న దాని విషయము.

మొదట ఆ ప్రశ్న పుట్టుక చెప్పవలెను. మెదడును వెన్నుపామును ఎడతెగని వల వంటి ఒకే పదార్థమా, లేక విడివిడి కణముల సమూహమా అని పందొమ్మిదవ శతాబ్దమున గొప్ప వివాదము చెలరేగెను. ఇటలీ దేశీయుడైన కామిల్లో గోల్జీ 1873లో వెండి లవణములతో నాడీకణములకు రంగు పట్టించు ఉపాయమును కనిపెట్టెను. స్పెయిన్ దేశీయుడైన సాంటియాగో రమోన్ ఇ కహాల్ ఆ ఉపాయమునే మెఱుగుపఱచి, సూక్ష్మదర్శినిలో పరిశీలించి, ప్రతి నాడీకణమును దేనికదియే వేఱని తేల్చెను. 1906లో ఇద్దఱకును కలిపి నోబెల్ బహుమాన మొసగిరి. ఆ సందర్భమున చేసిన ఉపన్యాసములో సయితము గోల్జీ తన వలవాదమును విడువలేదు. కాలము కహాల్ పక్షమున తీర్పు చెప్పెను.

కణమునకును కణమునకును నడుమ నుండు కూడలికి ఇంగ్లండు శరీరశాస్త్రజ్ఞుడు చార్లెస్ షెరింగ్టన్ 1897లో ‘సినాప్స్’ అను పేరు ప్రచారమునకు తెచ్చెను. మనము దానిని నాడీసంధి యందము. అయితే వ్యాకరణమునందలి సంధివలె ఇది రెంటిని ఏకము చేయదు. రెండును వేఱుగనే యుండి నడుమ సన్నని సందు మిగులును. 1950ల దశకమున ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని సాయముతో ఆ సందు కంటికి కనబడెను. దాని వెడల్పు మిల్లీమీటరులో సుమారు 50,000వ వంతు.

ఈ సందును వార్త ఎట్లు దాటును? విద్యుత్తు దుముకునని కొందఱు, ఏదో ద్రవ్యము ఊరి ఆవలి గట్టునకు చేరునని కొందఱు వాదించిరి. ఈ కలహమును పాశ్చాత్యులు వేడుకగా నిప్పురవ్వలకును చారునకును జరిగిన యుద్ధమని చెప్పుకొందురు.

చారుపక్షమునకు తొలి విజయమును సంపాదించినవాడు ఆస్ట్రియా దేశమున గ్రాజ్ పట్టణమునందలి ఆచార్యుడు ఆటో లోవీ. ఒక రాత్రి ఆయనకు నిద్రలో ఒక ప్రయోగము స్ఫురించెను. లేచి కాగితముపై నేదో గీచికొని మరల పరుండెను. తెల్లవాఱినపిదప తన వ్రాత తనకే తెలియలేదు. మఱునాటి రాత్రి మూడు గంటలకు ఆ యూహయే తిరిగి రాగా, ఈసారి కాగితమును నమ్మక తిన్నగా ప్రయోగశాలకు పోయెను. రెండు కప్పగుండెలను తీసి ఉప్పునీటిలో నుంచి, మొదటి గుండెకు చేరు వేగస్ నరమును విద్యుత్తుతో ప్రేరేపింపగా ఆ గుండె మందగించెను. దాని చుట్టునున్న నీటిని రెండవ గుండెపై పోయగా, ఏ నరము తాకకయే అదియు మందగించెను. నరమునుండి ఏదో ద్రవ్యము నీటిలోనికి వెలువడినదనుటకు ఇంతకన్న ప్రత్యక్షప్రమాణ మేమి కావలెను? ఈ ప్రయోగము 1921లో ప్రకటితమయ్యెను. ఆ ద్రవ్యము ఎసిటైల్ కోలీన్ అని తరువాత నిశ్చయమయ్యెను.

ఇక మన సూత్రకారుడు. హెన్రీ డేల్ 1875లో లండనులో జన్మించి 1968 వఱకు జీవించెను. రై ధాన్యపు వెన్నులకు పట్టు ఎర్గాట్ అను బూజునుండి లభించిన ద్రవ్యములను పరీక్షించుచు, ఎసిటైల్ కోలీన్ చేయు పనులు కొన్ని నరములను ప్రేరేపించినపుడు జరుగు పనులవలెనే యుండుటను 1914లో వివరించెను. 1929లో డడ్లీతో కలిసి ఆ ద్రవ్యమును జంతుశరీరమునందే, ప్లీహమునుండి తీసి చూపెను. 1936లో ఫెల్డ్‌బర్గ్, మార్తా ఫోగ్ట్ అనువారితో కలిసి, మనము ఇచ్ఛానుసారముగ కదల్చు కండరములకు పోవు నరముల చివరలయందును ఎసిటైల్ కోలీనే వెలువడునని నిరూపించెను. ఆ యేడే లోవీతో పాటు నోబెల్ బహుమానము నందెను. రెండేండ్లకే నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించి లోవీని చెఱసాలలో నుంచి, ఆ బహుమానధనమును వారి యధీనములోని బ్యాంకునకు బదిలీ చేయించుకొని, దేశమునుండి వెడలగొట్టిరి.

డేల్ చేసిన రెండు పనులు మన కథకు ముఖ్యము. మొదటిది నామకరణము. ఒక నరము శరీరమున ఎక్కడనుండి బయలుదేఱినదను దానినిబట్టిగాక, చివర నే ద్రవ్యమును విడుచునను దానినిబట్టి దానిని పిలువవలెనని ఆయన 1933లో సూచించెను. ఎసిటైల్ కోలీన్ విడుచునవి ‘కోలినర్జిక్’, ఎడ్రినలిన్ వంటి ద్రవ్యమును విడుచునవి ‘ఎడ్రినర్జిక్’. సొగసైన పేర్లు, నేటికిని వాడుకలో నున్నవి. రెండవది ఒక సూచన. అది 1935లో ముద్రితమైన ఆయన ఉపన్యాసమునందు కలదు. స్పర్శ, నొప్పి మొదలగువానిని తెలుపు నాడీకణమునకు రెండు కొమ్మలుండును. ఒకటి చర్మమునకు, రెండవది వెన్నుపాములోనికి పోవును. చర్మమువైపు కొమ్మను ప్రేరేపించినచో అచ్చటి రక్తనాళములు విప్పారును. కావున అచ్చట ఏదో ద్రవ్యము వెలువడుచుండవలెను. కణమొక్కటియే కదా, కావున చర్మముకడ వెలువడు ద్రవ్యమును గుర్తించితిమేని, కంటికందని వెన్నుపాములోని చివరకడ ఏది వెలువడుచున్నదో ఊహించుటకు మార్గము దొరకును. ఇంతియే ఆయన చెప్పినది. ఇది విధివాక్యము గాదు, రాబోవు పరిశోధకులకు చూపిన త్రోవ. ఒక కణమున ద్రవ్యము ఒక్కటియే యుండునని ఆయన యనలేదు. ఒక కొమ్మను చూచి మఱొక కొమ్మను ఊహింపవచ్చునని మాత్రమే యనెను.

ఈ సూచనకు సూత్రపదవి నిచ్చినవాడు డేల్ శిష్యుడు గాడు, ప్రతివాది. జాన్ ఎకిల్స్ ఆస్ట్రేలియా దేశీయుడు, షెరింగ్టన్‌కడ చదివినవాడు, నిప్పురవ్వల పక్షమున అగ్రగణ్యుడు. 1930ల దశకమున లండను సభలలో డేల్ వర్గమువారితో ఆయన చేసిన వాగ్యుద్ధములు ప్రసిద్ధములు. యుద్ధకాలమున న్యూజీలండు దేశమున పనిచేయుచుండగా ఆయనకు కార్ల్ పాపర్ అను తత్త్వవేత్తతో స్నేహము కలిగెను. నీ సిద్ధాంతమును రక్షించుకొనుటకు చూడకుము, అది తప్పయినచో తప్పని తేలిపోవునంత స్పష్టముగ చెప్పి పరీక్షకు పెట్టుమని పాపర్ బోధించెను. 1951లో డనీడన్ పట్టణమున ఎకిల్స్, బ్రాక్, కూంబ్స్ అను ముగ్గురు పిల్లి వెన్నుపాములోని నాడీకణములోనికి అతిసూక్ష్మమైన గాజుమొన దూర్చి, నిరోధకవార్త వచ్చునపుడు కణములోని విద్యుద్బల మెట్లు మాఱునో కొలిచిరి. ఎకిల్స్ వాదము నిజమైనచో కనబడవలసిన మార్పు కనబడలేదు; దానికి వ్యతిరేకమైనది కనబడెను. ఎకిల్స్ తన పక్షమును విడిచి డేల్ పక్షమును చేరెను. పండితసభలలో ఓటమి నొప్పుకొనుట ఎంత యరుదో యెఱిగినవారు ఈ మనుష్యునకు నమస్కరింపక మానరు.

పక్షము మార్చిన ఎకిల్స్ 1954లో ఫాట్, కొకెట్సు అను వారితో గూడి ఒక ప్రయోగమును ప్రకటించెను. కండరమునకు పోవు చాలక నాడీకణము వెన్నుపాము దాటకమునుపే ఒక చిన్న కొమ్మను వెనుకకు పంపును. ఆ కొమ్మ రెన్‌షా కణమను మఱొక నాడీకణమును తట్టి లేపును. కండరముకడ ఎసిటైల్ కోలీన్ వెలువడునని డేల్ 1936లోనే చూపియుండెను గదా! అట్లయినచో వెన్నుపాములోని యీ చిన్న కొమ్మకడను అదియే వెలువడవలెను. ఎసిటైల్ కోలీన్ పనిని అడ్డు మందులు వేసి చూడగా రెన్‌షా కణపు స్పందము తగ్గెను. దానిని నిలుపు మందులు వేయగా స్పందము పొడిగెను. డేల్ ఊహ సఫలమయ్యెను. పూర్వప్రతివాదిపై గౌరవముతో ఎకిల్స్ ఈ నియమమునకు ‘డేల్ సూత్రము’ అని పేరిడెను. ఒక నాడీకణము తన కొమ్మలన్నింటియందును అదే ద్రవ్యమును విడుచునని దాని భావము.

ఏవకారము ప్రవేశించిన చోటిదే. మన తెలుగులో ‘ఒకే’ అను మాటకు గల చిక్కు చూడుడు. ‘ఈ తోటలోని చెట్లన్నింటికిని ఒకే కాయ’ అన్నచో, అన్నియు ఒక జాతి కాయయే కాయునని ఒక యర్థము. చెట్టునకు కాయ ఒక్కటి మాత్రమే యని మఱొక యర్థము. ‘కొమ్మలన్నింటియందును అదే ద్రవ్యము’ అనుదానిని కాలక్రమమున ‘కణమున కొక్కటే ద్రవ్యము’ అని చదువుట అలవాటయ్యెను. పాఠ్యపుస్తకములలో నెక్కినది ఈ రెండవ యర్థమే.

దీనికి వ్యాఖ్యాతలను మాత్రమే నిందించుట న్యాయము గాదు. ఆనాటికి తెలిసిన వార్తాహర ద్రవ్యములు వ్రేళ్ళపై లెక్కింపదగినవి. మఱియు డేల్ పెట్టిన సొగసైన పేర్లే ఇందుకు తోడ్పడినవి. ఒక నరమును ‘కోలినర్జిక్’ అని పిలిచిన పిమ్మట దానియందు మఱొక ద్రవ్యమును వెదకవలెనను తలంపు ఎవనికి కలుగును? పేరు పెట్టుటతోనే వెదకుట ముగిసినది. పరుల వ్యాఖ్యాన మెట్లున్నను, సూత్రకారుని నామకరణమునందే ఏవకారమునకు బీజము పడెనని నా యభిప్రాయము.

అయితే సూత్రమునకు లొంగని సంగతులు మొదటినుండియు నున్నవి. జర్మనీ దేశీయుడు రూడాల్ఫ్ హైడెన్‌హైన్ 1872లోనే ఒక వింత చూచెను. లాలాజల గ్రంథికి పోవు నరమును ప్రేరేపించినచో రెండు పనులు జరుగును: లాలాజలము స్రవించును, గ్రంథికి రక్తప్రవాహము హెచ్చును. అట్రోపీన్ అను ద్రవ్యము నిచ్చినచో లాలాజల మాగిపోవును. ఉమ్మెత్త తిన్నవాని నోరెండుటకును కారణ మిట్టి ద్రవ్యములే. వింత యేమనగా, లాలాజల మాగినను రక్తప్రవాహము మాత్రము హెచ్చుచునే యుండెను. అట్రోపీన్ ఎసిటైల్ కోలీన్ పనిని అడ్డునని తరువాత తెలిసినది. అట్లయినచో రక్తనాళములను విప్పార్చున దేది? ఈ ప్రశ్న నూఱేండ్లకు పైగా సమాధానము లేక నిలిచెను.

సమాధానమునకు ద్వారము తెఱచినవారిలో ముఖ్యుడు జెఫ్రీ బర్న్‌స్టాక్. లండనులో 1929లో పుట్టి మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయమున పనిచేయుచుండిన యీయన, 1960ల తొలియేండ్లలో గినీపంది ప్రేగు కండరమును పరీక్షించుచుండెను. ఎసిటైల్ కోలీన్ పనిని, ఎడ్రినలిన్ జాతి నరముల పనిని మందులతో నిలిపివేసిన పిమ్మట నరములను ప్రేరేపించినచో ఏమియు జరుగరాదు. కాని కండరము సడలెను. తెలిసిన రెండు ద్రవ్యములును గానిది మూడవ దొకటి పనిచేయుచున్నదన్న మాట. వెదకి వెదకి, 1970లో అది ఏ.టీ.పీ. అను ద్రవ్యమని ఆయన ప్రకటించెను.

ఈ పేరు వినినపుడు తెలుగువారి మన స్సుప్పొంగవలెను. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్క్‌తో గూడి కండరములనుండి ఈ ద్రవ్యమును వేఱుచేసి 1929లో ప్రకటించిరి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రముగ దానిని కనిపెట్టెను. శరీరమున ప్రతి కణమునకును శక్తి నిచ్చు ఇంధనముగ దానికి కీర్తి వచ్చెను. 1948లో సుబ్బారావుగారు స్వర్గస్థులగునాటికి ఆ ద్రవ్యము నరముల భాషలో ఒక మాట కాగలదని శాస్త్రలోకము అంగీకరించియుండలేదు.

బర్న్‌స్టాక్‌పై ఆక్షేపణయు ఇక్కడనే వచ్చెను. ప్రతి కణమును ప్రాణప్రదముగ దాచుకొను ఇంధనమును ఏ నరమైనను వార్తకొఱకు బయట పాఱబోయునా? వంటచెఱకుతో ఉత్తరములు వ్రాయుదురా? అని పలువురు పరిహసించిరి. ఆయన వెనుదీయలేదు. 1976లో మఱొక యడుగు ముందుకు వేసి, కొన్ని నాడీకణములు ఒకటికంటె ఎక్కువ ద్రవ్యములను విడుచునా యను ప్రశ్ననే శీర్షికగా పెట్టి ఒక వ్యాసము ప్రకటించెను. ఏవకారమునకు ఇది ఎదురుదెబ్బ. ఏ.టీ.పీ.ని గుర్తించు గ్రాహకముల నిర్మాణము 1993, 1994 సంవత్సరములలో బయటపడిన పిమ్మట పరిహాసము లడగిపోయెను. బర్న్‌స్టాక్ 2020లో కీర్తిశేషుడయ్యెను. నేడు హృద్రోగులకు రక్తము గడ్డకట్టకుండుటకై యిచ్చు క్లోపిడోగ్రెల్ అను మందు పనిచేయునది ఆ గ్రాహకముల కుటుంబమునకు చెందిన యొక గ్రాహకముపైననే.

అదే 1976లో ఎకిల్స్ స్వయముగ లేచి, తా నిచ్చిన సూత్రపాఠమును సరిచూచెను. కొమ్మలన్నింటియందును ‘అదే ద్రవ్యము’ అనుచోట ‘అదే ద్రవ్యము గాని, అవే ద్రవ్యములు గాని’ అని గ్రహింపవలెనని వివరించెను. ఒక్క బహువచనముతో ఏవకారము తొలగెను. మరుసటి యేడు, 1977లో, స్వీడను దేశమున తోమాస్ హోక్‌ఫెల్ట్ బృందమువారు కాంతినిచ్చు రంగులతో గూడిన ప్రతిరక్షకములను ప్రయోగించి, నార్ ఎడ్రినలిన్ గల నాడీకణములలోనే సొమాటోస్టాటిన్ అను పెప్టైడు కూడ నుండుటను సూక్ష్మదర్శినిలో చూపిరి. వినికిడి చూపుగా మాఱినది.

ఇంతవఱకు చెప్పినది ‘రెండున్నవి’ అనుట. ఉన్నచో నేమి ప్రయోజనము? ఒక వార్తకు ఇద్దఱు దూతలేల? ఈ ప్రశ్నకు పరిశోధకులు కనుగొన్న సమాధానములు నాలుగైదు చెప్పెదను.

మొదటిది కాలభేదము. గినీపంది వీర్యవాహికను గూర్చి స్నెడన్, వెస్ట్‌ఫాల్ అనువారు 1984లో చేసిన ప్రయోగము ప్రకారము, ఒకే నరమునుండి వెలువడిన ఏ.టీ.పీ. కండరమును వెంటనే ముడుచుకొనజేయును. నార్ ఎడ్రినలిన్ ఆలస్యముగ వచ్చి ఆ ముడుతను నిలిపియుంచును. మృదంగపు దెబ్బవంటిది మొదటిది, తంబురాశ్రుతివంటిది రెండవది.

రెండవది వేగభేదము. లాలాజల గ్రంథి చిక్కు ఇచ్చటనే విడిపోయెను. 1970లో సామీ సైద్, విక్టర్ మట్ అనువారు పంది ప్రేగులనుండి వేఱుచేసిన ‘వీ.ఐ.పీ.’ అను పెప్టైడు, పిల్లి లాలాజల గ్రంథికి పోవు నాడీకణములలో ఎసిటైల్ కోలీన్‌తో కూడియుండుటను 1980 ప్రాంతమున లుండ్‌బర్గ్ మొదలగు స్వీడను పరిశోధకులు చూపిరి. ఎసిటైల్ కోలీన్ చిన్న తిత్తులలో సంధి యంచుననే సిద్ధముగ నుండును. పెప్టైడు పెద్ద తిత్తులలో వెనుకగా నుండును. నరము మెల్లగ మ్రోగినచో చిన్న తిత్తులే తెఱచుకొనును. తఱచుగ మ్రోగినచో పెద్ద తిత్తులును తెఱచుకొని, వీ.ఐ.పీ. రక్తనాళములను విప్పార్చి, లాలాజలమును ఊరించుటలో ఎసిటైల్ కోలీన్‌కు బలము చేకూర్చును. అట్రోపీన్ మొదటిదానినే అడ్డును, రెండవదానిని అడ్డజాలదు. హైడెన్‌హైన్ చూచిన వింతకు మూల మిదియే.

మూడవది దూరభేదము. 1979 మొదలుకొని యూ నుంగ్ జాన్, లిలీ జాన్ దంపతులు, స్టీఫెన్ కఫ్లర్ కప్పల నాడీగుచ్ఛములలో చేసిన పరిశోధనలయందు, ఎసిటైల్ కోలీన్ తన యెదుటి కణముతోనే మాటలాడుననియు, దానితో వెలువడు పెప్టైడు సంధి లేని ప్రక్క కణములకు సయితము వ్యాపించి నిమిషములకొలది పనిచేయుననియు తేలెను. చెవిలో చెప్పిన మాట మొదటిది. వీధిలో చాటిన దండోరా రెండవది.

నాల్గవది యొక తిత్తిలోనే రెండు ద్రవ్యము లుండుట. 1998లో పీటర్ జోనస్, బిషోఫ్‌బెర్గర్, సాండ్‌క్యూలర్ అనువారు ఎలుక వెన్నుపామున గాబా, గ్లైసీన్ అను రెండు నిరోధక ద్రవ్యములు ఒక్క తిత్తినుండియే వెలువడుటను నిరూపించిరి. గ్లైసీన్ నిరోధము త్వరగా ముగియును. గాబా నిరోధము నిదానముగ సడలును. రెంటి పాళ్ళు మార్చినచో నిరోధ మెంతసేపు నిలువవలెనో మార్చవచ్చును. హ్రస్వమునకు దీర్ఘము చేర్చి గణమును దిద్దుటవంటి పని యిది.

అయిదవది అన్నింటికంటె విచిత్రము: ఒకే కణము ‘లెమ్ము’ అనియు ‘ఆగుము’ అనియు ఒక్కసారిగ పలుకుట. మెదడులో హెబెన్యులా యను చిన్న భాగము కలదు. ఆశించినది దొరకనపుడు అది మేల్కొనును. దానికి చేరు కొన్ని నాడీతంతువులు ప్రేరకమైన గ్లుటమేట్‌ను, నిరోధకమైన గాబాను కలిపి విడుచునని షేబెల్, మాలినో మొదలగువారు 2014లో ప్రకటించిరి. దైన్యమునకు లోనైన ఎలుకలలో గాబా పాలు తగ్గియుండెను. మనోదైన్యమునకు మనుష్యుల కిచ్చు సిటలోప్రామ్ అను మందు నిచ్చినచో ఆ పాలు పెరిగెను. ఎలుకలలో కనబడినది మనుష్యులయందును అట్లే యుండునని తొందరపడరాదు. కాని ఒక విషయము స్పష్టము. ఆ కణమును ‘గాబా కణము’ అనియో ‘గ్లుటమేట్ కణము’ అనియో ఒక్క పేరు పెట్టి ఊరకున్నచో, ఈ పాళ్ళ లెక్క ఎవనికిని తట్టియుండెడిది గాదు. సూత్రములోని ఒక్క యక్షరము రోగి మంచముదాక ప్రయాణము చేయగలదని దీనిచే తెలియుచున్నది.

ఇక కథ మొదటి యింటికే తిరిగి వచ్చినది. డేల్ సూత్రమునకు ఆ పేరు వచ్చుటకు కారణమైన రెన్‌షా కణమును 2005లో రెండు బృందములు వేర్వేఱుగ చిట్టెలుక పిల్లలలో పరీక్షించినవి. ఎసిటైల్ కోలీన్ పనిని మందులతో పూర్తిగ అడ్డినను, చాలక నరపు చిన్న కొమ్మ రెన్‌షా కణమును కొంత తట్టుచునే యుండెను. గ్లుటమేట్‌ను అడ్డు మందులను కూడ చేర్చిన పిమ్మటనే అది మిన్నకుండెను. అనగా, ఎకిల్స్ 1954లో ఎసిటైల్ కోలీన్‌ను నిరూపించిన సంధియందే రెండవ దూతయు నిలిచియున్నాడు. అంతియే గాదు. అదే కణము కండరమునకు పంపు కొమ్మకడ కార్యమును నడుపునది ఎసిటైల్ కోలీన్ మాత్రమే. కొమ్మలన్నియు సమానముగ నుండునను మొదటి యర్థము సయితము అన్నిచోట్ల నిలుచునా యను సందేహమునకు దీనితో తావు కలిగినది. డోపమీన్ విడుచు కొన్ని నాడీతంతువులలో డోపమీన్ వెలువడు చోట్లును గ్లుటమేట్ వెలువడు చోట్లును వేఱువేఱుగ నుండుట 2015లో ప్రకటితమై, ఆ సందేహమును బలపఱచినది.

నేడు రెండు ద్రవ్యముల నాడీకణము అపవాదము గాదు. మన పరిభాషలో చెప్పినచో అదియే ఉత్సర్గముగ మాఱుచున్నది. ఇంత మాత్రముచేత డేల్ ఓడిపోయెనని తలంపరాదు. ఒక కొమ్మను చూచి మఱొక కొమ్మను వెదకుడని ఆయన చెప్పెను. అట్లు వెదకినందుననే ఎసిటైల్ కోలీన్ వెన్నుపామున దొరకెను, మరల వెదకినందుననే దాని ప్రక్కన గ్లుటమేట్ దొరకెను. వెదకుటకు చెప్పిన మాటను వెదకుట మానుటకు వాడినపుడే చిక్కు వచ్చినది. ఎకిల్స్ ఆ చిక్కునకు కొంత కారకుడై, తరువాత తానే దానిని విప్పుటకు పూనుకొనెను. హైడెన్‌హైన్ చూచినదానిని చూచినట్లే వ్రాసి పెట్టినందున నూఱేండ్ల తరువాత అది సాక్ష్యముగ పనికివచ్చెను.

విద్యార్థులకు నా మనవి యొక్కటి. పాఠ్యపుస్తకమున ఏ మహానుభావుని పేరైనను సూత్రమునకు ముందు కనబడినచో, ఆ పేరునకు నమస్కరింపుడు. పిమ్మట ఆయన వాక్యమును ఆయన మాటలలోనే వెదకి చదువుడు. అందు ‘ఏ’ అను నక్షర మున్నదో లేదో చూచుకొనుడు. లేనిచో దానిని మీరు చేర్చకుడు.